చదివే గంటలు పెంచినా భయం తగ్గట్లేదా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పాను. ఈసారి ఎలాగైనా గట్టెక్కాలని రోజూ రాత్రి రెండు, మూడింటి దాకా చదువుతున్నాను. చదివేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది. పరీక్ష హాల్లో మాత్రం చేతులు చల్లబడిపోయి ఒక్క ముక్క గుర్తురాదు. స్నేహితులు అప్పుడే ఇంటర్న్‌షిప్‌లు తెచ్చుకుంటున్నారు. ఈ బ్రాంచ్ మానేసి వేరే కోర్సులో చేరమంటారా?

జవాబు: కోర్సు మారాలా వద్దా అన్నది ఇప్పుడు తేల్చకండి. పరీక్షలు నెత్తిమీద ఉండి, కంటినిండా నిద్ర లేనప్పుడు ఏ కోర్సైనా మనకు పడదనే అనిపిస్తుంది. సెమిస్టర్ అయ్యాక వారం పది రోజులు తేరుకుని అప్పుడు ఆలోచించండి. అప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న మార్కుల గురించి కాదు. ఎవరూ అడగకపోయినా కాసేపు కూర్చుని చేయాలనిపించే పని ఈ సబ్జెక్టుల్లో ఏదైనా ఉందా? ఒక్కటి ఉన్నా తొందరపడక్కర్లేదు. ఏదీ లేకపోతే మారడం తప్పేమీ కాదు. మారితే ఎన్ని క్రెడిట్లు లెక్కలోకి వస్తాయో ముందే కనుక్కుని మారండి.

ఇక అసలు సంగతి. భయం వేసినప్పుడల్లా మీరు చదివే గంటలు పెంచుతున్నారు. ఆ గంటలు నిద్రలోంచి వస్తున్నాయి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. పద్దెనిమిదేళ్లు దాటినవారికి రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. రాత్రి రెండింటి దాకా కూర్చుని మీరు చేస్తున్నది, సాయంత్రం కష్టపడి చదివినదాన్ని వదులుకోవడమే. మేలుకోవడానికి కాఫీ తాగుతుంటే సాయంత్రానికి ఆపేయండి. తాగిన ఐదారు గంటలకు కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

‘వచ్చినట్టే ఉంటుంది’ అన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా తోచిన మాట అదే. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది, రాసి చూసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ అర్ధరాత్రి చదువు ఆ ఐదు నిమిషాల గెలుపు లాంటిది. కళ్లకు అలవాటైన పేజీని మనకు వచ్చిన పాఠం అనుకుంటాం.

కాబట్టి పద్ధతి మార్చండి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ (ప్రోగ్రామ్‌లు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ అన్నీ ఆగిపోవడం) చదివారనుకోండి. పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద దానికి కావాల్సిన నాలుగు షరతులు రాయండి. మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్ రాస్తారు, హోల్డ్ అండ్ వెయిట్ రాస్తారు, మూడోదాని దగ్గర పెన్ను ఆగిపోతుంది. చిరాకు వేస్తుంది, వెంటనే పుస్తకం తెరవాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఓర్చుకుని గుర్తుతెచ్చుకునే ప్రయత్నం చేయండి, ఆ తర్వాతే తెరవండి. ఇవాళ మీరు చదవాల్సింది ఆగిన ఆ ముక్కే, అధ్యాయం మొత్తం కాదు. రెండు రోజులాగి మళ్లీ ఖాళీ కాగితంతో కూర్చోండి. ఇలా చదివితే గంటలు తగ్గుతాయి. మొదట్లో ‘నాకేమీ రాదు’ అన్న భావన మాత్రం పెరుగుతుంది. దానికి బెదిరి పాత పద్ధతికి వెళ్లిపోకండి.

తప్పిన సబ్జెక్టుల విషయంలో లెక్చరర్‌ని కలవండి. వెళ్లి ‘ఏమీ అర్థం కావట్లేదు సార్’ అంటే ఆయన కూడా చేయగలిగింది ఉండదు. డేటాబేస్ సబ్జెక్టయితే, ‘నార్మలైజేషన్‌లో థర్డ్ నార్మల్ ఫామ్ దాకా వచ్చింది సార్, దాని తర్వాతి మెట్టు బీసీఎన్ఎఫ్ దగ్గర తేడా తెలియట్లేదు’ అనండి. పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎక్కడ ఆగిపోయారో పైన చెప్పిన తెల్లకాగితమే చెబుతుంది.

హాల్లో చేతులు చల్లబడటం జబ్బు కాదు. కంగారులో అడ్రినలిన్ వల్ల చర్మం కింది రక్తనాళాలు కుంచించుకుంటాయి. గుర్తురాకపోవడానికి కారణం వేరు. అప్పటికప్పుడు ఆలోచించడానికి మెదడుకున్న చోటు తక్కువ. ‘మళ్లీ తప్పుతానేమో’ అన్న దిగులు అందులో కొంత ఆక్రమిస్తుంది. 2011లో రమిరెజ్, బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో, పరీక్షకు ముందు 10 నిమిషాలు తమ భయాలను కాగితం మీద రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా పరీక్షంటే బాగా బెదిరేవాళ్లు, మెరుగ్గా రాశారు. అందరికీ పనిచేస్తుందని హామీ ఇవ్వను కానీ ప్రయత్నించి చూడటంలో పోయేదేమీ లేదు. హాల్లోకి వెళ్లాక ప్రశ్నపత్రం మొత్తం చూసి, కచ్చితంగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి, అది రెండు మార్కులదైనా సరే. పెన్ను కదిలితే మిగతావి గుర్తుకొస్తాయి.

కాస్త ఒత్తిడి ఉంటేనే చదువుతారని పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే పరిశోధకులు చిట్టెలుకల మీద చేసిన ప్రయోగంలోనే, పని కష్టమయ్యేకొద్దీ గట్టి కరెంటు షాకులు నేర్చుకోవడాన్ని మందగింపజేశాయని తేలింది. మీరు చదువుతున్నవి తేలిక పాఠాలు కావు, అందుకే ఇంట్లోవాళ్లకు ఈ జవాబు చూపించినా నాకు అభ్యంతరం లేదు.

స్నేహితుల ఇంటర్న్‌షిప్‌ల గురించి ఈ సెమిస్టర్‌కు పట్టించుకోకండి. వాళ్లు వచ్చిన ఆఫర్ గురించి చెబుతారు, రానివాటి గురించి చెప్పరు.

ఒక్కటి మాత్రం వేరుగా చూడాలి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, పడుకున్నా నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం ఉంటే అది చదువు పద్ధతి మార్చితే పోయేది కాదు. కాలేజీ కౌన్సెలర్‌నో డాక్టర్‌నో కలవండి. జ్వరానికి వెళ్లినంత మామూలుగా వెళ్లండి. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆ రోజే, ఒంటరిగా ఉండకుండా, నమ్మకమున్న మనిషికి చెప్పి వాళ్లతో కలిసి ఆసుపత్రికి వెళ్లండి. నోటితో చెప్పడం కష్టమైతే ‘నాకు బాగోలేదు, వెంటనే రా’ అని మెసేజ్ పెట్టండి.