అలిగి కూర్చున్న అకిలీస్ వీరుడెలా అయ్యాడు?

ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో సగానికి పైగా డేరాలో అలిగి కూర్చున్న గ్రీకు యోధుడు అకిలీస్‌ని వీరుడని అసైన్‌మెంట్‌లో ఎలా సమర్థించాలి అని అడిగారు కదా, మీరు అతనిలో మంచితనం వెతుకుతున్నారు, చిక్కంతా అక్కడే. ఆ కావ్యంలో వీరుడంటే మంచివాడని కాదండీ. చావు తప్పదని తెలిసీ పేరు కోసం ముందు వరసలో నిలబడేవాడు. 12వ సర్గలో ట్రాయ్ పక్షాన పోరాడే సర్పెడాన్ తన సహచరుడు గ్లాకస్‌తో అనేది అదే, మనకి చావే లేకపోతే నేనూ పోరాడను, నిన్నూ పంపను, ఎలాగూ పోతాం కాబట్టి పద అని. 9వ సర్గలో అకిలీస్ కూడా చెబుతాడు: ఇంటికెళితే దీర్ఘాయువు, ట్రాయ్‌లో ఉంటే చావూ, చెరగని కీర్తీ. అలకంటారా, గ్రీకు సేనల నాయకుడు అగమెమ్నాన్, అకిలీస్‌కి యుద్ధంలో బహుమానంగా దక్కిన స్త్రీ బ్రిసేయిస్‌ని లాక్కోవడం అందరి ముందూ జరిగిన అవమానం మరి! తను చంపిన ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ శవాన్ని అకిలీస్ ఈడ్చడం మాత్రం వెనకేసుకు రాకండి, దానికి అపోలో దేవుడికే ఒళ్లు మండింది. 24వ సర్గలో హెక్టర్ తండ్రి ప్రయామ్‌తో కలిసి అకిలీస్ ఏడ్చే ఘట్టం తప్పకుండా రాయండి.