తాత జేబు గడియారాన్ని చేతికి కట్టుకోవాలంటే

చిట్టితల్లికి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు ఫోన్‌లో పంపిన బొమ్మ చూశాను. పెద్దది చేసి మళ్ళీ చూశాను. తాత జేబు గడియారాన్ని నీ చేతికి కట్టుకోవాలనుకుంటున్నావని తెలిసి నాకు కళ్ళు చెమర్చాయి. మీటర్ గేజ్ రోజుల్లో మా నాయన పాకాలలో రైలు గార్డుగా పనిచేసినంత కాలం అది ఆయన జేబులోనే ఉండేది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వస్తే కాళ్ళు కడుక్కోక ముందే దానికి కీ ఇచ్చేవాడు. ఆయన పోయాక చిత్తూరులో మీ బీరువాలో చీరల కింద పడి ఉంది. దాన్ని మళ్ళీ నడిపించాలనుకున్న మొదటి మనిషివి నువ్వే.

కానీ నీ బొమ్మలో ఒకటి చూసి గుండె ఝల్లుమంది. కేసుకు రెండు వైపులా చెవుల్లాంటి కమ్మీలు టంకం పెట్టించి, వాటిలో బెల్టు దూర్చినట్టు గీశావు. అది మాత్రం వద్దమ్మా.

ఎందుకంటున్నానో చెబుతాను. గాంధీ రోడ్డులో నేను గడియారాల రిపేరు పని మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన మూత ఉన్న వెండి జేబు గడియారం తెచ్చి, చేతికి కట్టుకునేలా చేసి పెట్టమన్నాడు. మెషిన్, డయల్ తీసి పక్కన పెట్టి, ఖాళీ కేసుకు చెవులు అతికించాను. చూడ్డానికి బాగానే వచ్చింది. తర్వాత మూత వేస్తే టక్కున పడలేదు. మంట వేడికి వెండి మెత్తబడిపోయింది. అంతకుముందు గట్టిగా ఉన్న కేసు వేలితో నొక్కితే సొట్ట పడేలా తయారైంది. పాత గట్టిదనం మళ్ళీ తీసుకురావడం నా చేతకాలేదు. ఆయన ఒక్క మాట అనకుండా డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఆ గడియారం వాళ్ళ నాన్నదట. ఆ రోజు నుంచి ఏ పాత కేసుకూ నేను మంట చూపించలేదు, రంధ్రం వేయలేదు. నువ్వు ఏం తయారుచేసినా, రేపు నీ కూతురు ఆ గడియారాన్ని బయటికి తీస్తే మా నాయన జేబులో ఉన్నప్పటిలాగే ఉండాలి. మారేదంతా తోలులోనే మారాలి.

దీనికి దారి ఎప్పుడో ఉంది. 1899లో మొదలైన దక్షిణాఫ్రికా యుద్ధంలో సైనికులు తోలు తొడుగులో జేబు గడియారం పెట్టి మణికట్టుకు కట్టుకున్నారు. జేబులోంచి తీసి చూసే తీరిక యుద్ధంలో ఎక్కడిది? తొడుగులోంచి తీస్తే అది మళ్ళీ మామూలు జేబు గడియారమే. అన్నట్టు, ఇంత పెద్ద గడియారం ఆడపిల్ల చేతికేంటని మీ అమ్మ అంటోందని రాశావు కదా. చేతి గడియారం మొదట ఆడవాళ్ళ నగే అని చెప్పు. 1810లోనే నేపుల్స్ రాణి పారిస్‌లో బ్రెగే అనే గడియారాల తయారీదారు దగ్గర చేతికి కట్టుకునే గడియారం ఆర్డర్ ఇచ్చింది. మగవాళ్ళు యుద్ధాల తర్వాతే బాగా అలవాటు పడ్డారు.

ఇక పనిలోకి వద్దాం. తాతది మూత లేని రకం. కీ ఇచ్చే బొడిపె, గొలుసు తగిలించే కడియం పన్నెండు అంకె పైన ఉంటాయి, చిన్న సెకన్ల ముల్లు ఆరు దగ్గర. మూత ఉన్న రకంలో బొడిపె మూడు దగ్గర ఉంటుంది కాబట్టి చేతికి సులువుగా కుదురుతుంది. మనదానికి బొడిపె సరిగ్గా బెల్టు వెళ్ళాల్సిన చోటే వస్తుంది. మామూలు వాచీలా రెండు వైపులా బెల్టు కడదామని చూస్తే ఇక్కడే చిక్కు. కాబట్టి బెల్టును గడియారం కింద నుంచి పోనివ్వు. పైన గడియారానికి ఒక జేబు కుట్టు.

ఆ జేబు ఎలాగంటే, అడుగున రెండు మిల్లీమీటర్ల మందం తోలుతో గుండ్రటి ముక్క, అడ్డం 65 మిల్లీమీటర్లు. దాని మీద గడియారం ఆకారానికి ఒత్తిన పల్చటి తోలు, ఒకటిన్నర మిల్లీమీటర్లది. ఈ పై ముక్కలో డయల్ కనబడేలా 43 మిల్లీమీటర్ల కిటికీ కొయ్యాలి. గడియారం అడ్డం 50, మందం 14. నేను సర్వీస్ చేసినప్పుడు కొలిచి పెట్టుకున్న లెక్క అది. అంటే కిటికీ చుట్టూ మూడున్నర మిల్లీమీటర్ల అంచు మిగులుతుంది. మూడు దగ్గర మొదలుపెట్టి ఆరు మీదుగా తొమ్మిది వరకు కుట్టు, రెండు వైపులా ఇంకో అర సెంటీమీటరు పైకి పోనివ్వు. పై ముక్కలో దానికి ఎగువన మిగిలిన భాగం కోసెయ్. గడియారం పైనుంచి జారి లోపలికి దిగుతుంది. ఆ అర సెంటీమీటరు దగ్గర జేబు నోరు ఒక మిల్లీమీటరు ఇరుకవుతుంది. తోలు కొంచెం సాగి దాన్ని లోపలికి రానిచ్చి మళ్ళీ పట్టుకుంటుంది. అంతకన్నా పైకి కుడితే గడియారం దూరదు. బలవంతంగా తోస్తే అద్దం మీద ఒత్తిడి పడుతుంది.

పైన తెరిచి ఉన్న చోట కడియంలోంచి ఒక సన్నటి తోలు పట్టీ దూర్చి, కిందికి లాగి, అడుగు తోలుకు గుండీ పెట్టు. తాత గడియారం కడియం ముందుకీ వెనక్కీ ఒరుగుతుంది. పట్టీ దాన్ని మణికట్టు వంపు వైపు లాగి ఉంచితే దేనికీ తగులుకోదు. గొలుసు కోసం పెట్టిన కడియమే ఇప్పుడు గడియారానికి కాపలా అవుతుంది. గుండీ మామూలుదే పెట్టు. ఈ మధ్య సంచులకు, పర్సులకు వస్తున్న అయస్కాంతం గుండీ పొరపాటున కూడా వద్దు. లోపల హెయిర్ స్ప్రింగ్ వెంట్రుకంత సన్నటి ఉక్కు. దానికి అయస్కాంతం పట్టిందంటే చుట్లు ఒకదానికొకటి అంటుకుని గడియారం విపరీతంగా ముందుకు పరిగెడుతుంది. ఫోన్ పక్కన, ఇయర్ బడ్స్ డబ్బా పక్కన పెట్టొద్దని కూడా అందుకే చెబుతున్నా.

తోలు కొయ్యక ముందు పెళ్ళి కార్డు అట్టతో ఒకసారి చేసి చూడు. తర్వాత రెక్సిన్ ముక్కతో ఇంకోసారి. అందులో అసలు గడియారం పెట్టొద్దు. పది రూపాయల నాణెం ఏడున్నర గ్రాముల పైచిలుకు ఉంటుంది. పదమూడు నాణేలు గుడ్డలో మూటకడితే వంద గ్రాములు, తాత గడియారం బరువు దాదాపు అంతే. ఆ మూట చేతికి కట్టుకుని వారం రోజులు తిరుగు. స్కూటీ నడుపు, గిన్నెలు కడుగు, బస్సెక్కు. నీ మణికట్టు సన్నం, చుట్టూ పదిహేను సెంటీమీటర్లకు మించదు. బరువు పక్కకు జారుతుంటే అడుగు తోలు కింద, పన్నెండు వైపు ఒకటీ ఆరు వైపు ఒకటీ, చిటికెన వేలంత తోలు దిండ్లు కుట్టించు. మణికట్టు ఎముక మీద కాకుండా రెండు వేళ్ళు పైకి కట్టుకుంటే కుదురుగా ఉంటుంది. బెల్టు కొలత మాత్రం సాయంత్రం తీసుకో. మన ఎండలకు పొద్దుటికీ సాయంత్రానికీ చెయ్యి ఉబ్బుతుంది.

తోలు దగ్గర తొందరపడొద్దు. తంగేడు బెరడు, కరక్కాయ వంటి వాటితో ఊనిన, అంటే పదును చేసిన, తోలే కావాలి. దాన్ని నీళ్ళలో నానబెట్టి ఒత్తితే ఆ ఆకారం నిలుస్తుంది. క్రోమ్‌తో ఊనిన తోలు మెత్తగా, రంగురంగులుగా కనబడుతుంది గానీ ఎంత ఒత్తినా మళ్ళీ చదునైపోతుంది. నీకు రాణిపేట ఎంతో దూరం కాదు, అక్కడ తోలు పరిశ్రమే ఉంది. అడిగి, ఒక మూల తడిపి వంచి చూసి తీసుకో.

అచ్చుకు చెక్క బిళ్ళ చేయించాలి. గడియారాన్నే అచ్చుగా పెట్టి తడి తోలు ఒత్తుదామని నీకు అనిపించవచ్చు, ఆ పని చెయ్యకు. లోపలికి తడి పోతే చాలు, తుప్పు పడుతుంది. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే పనివాళ్ళు ఉన్నారు. దేవుళ్ళ బొమ్మలు చెక్కే చేతులకు ఇదెంత పని! 51 మిల్లీమీటర్ల అడ్డం, 14 మందం, అంచులు కొంచెం గుండ్రంగా చేయమని చెప్పు. ఒక మిల్లీమీటరు ఎక్కువ ఎందుకంటే లోపల గుడ్డ అంటించాలి, తోలు ఆరాక కొంచెం ముడుచుకుంటుంది కూడా. దాంతోపాటు 54 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పలక ఒకటి చేయించు. తోలును మామూలు నీళ్ళలో బుడగలు ఆగేదాకా నానబెట్టి, బిళ్ళ మీద పరిచి, పై నుంచి ఆ పలకను దించి బిగించు. ఒక రోజంతా నీడలో ఆరనివ్వు. ఎండలో పెడితే గంటలో ఆరుతుంది గానీ బిర్రబిగిసి పగుళ్ళిస్తుంది.

కుట్టు మిషన్ మీద వద్దు. ఆరెతో మూడు నాలుగు మిల్లీమీటర్లకొక రంధ్రం పొడిచి, మైనం పట్టించిన దారంతో, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి రెండు వైపుల నుంచీ కుట్టాలి. మిషన్ కుట్టులో ఒకచోట తెగితే పక్క కుట్లు వదులవుతూ పోతాయి. ఇందులో ఒకటి తెగినా మిగతావి పట్టుకునే ఉంటాయి. నీకు చేత కాకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చుని నేర్చుకో. ఆయన చేతిలో ఉన్న విద్య మనకు పుస్తకంలో దొరకదు. నేను కూడా అలాగే నేర్చుకున్నా.

జేబు లోపల పల్చటి నూలు గుడ్డ అంటించు. గడియారం కేసు మీద నికెల్ పూత అరిగి వెనక ఇత్తడి బయటపడింది. తోలు నేరుగా తగిలితే అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. ఏడాదికోసారి, వేసవి అయిపోయాక, ఆ గుడ్డ మార్చు. అవ్వ తోలు ముట్టుకోనంటే బెల్టు వరకు మందపాటి నవారుతో కుట్టుకున్నా బాగుంటుంది, చెమట పీల్చుకుంటుంది, ఉతుక్కోవచ్చు. జేబుకు మాత్రం తోలే కావాలి. అవ్వకు నేను చెబుతాలే.

ఇంకొక మాట, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఆ గడియారం జేబులో నిటారుగా, ఒంటికి ఆనుకుని ఉండడానికి చేసింది. లోపల బాలెన్స్ వీల్ అనే ఊగే చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. అదంతా మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న రెండు మొనల మీద నిలబడి తిరుగుతుంది. కొత్త వాచీల్లో ఆ మొనలకు దెబ్బ తగలకుండా ఇన్‌కాబ్లాక్ లాంటి స్ప్రింగులు ఉంటాయి. ఇన్‌కాబ్లాక్ వచ్చింది 1934లో. తాత గడియారంలో అలాంటిది లేదు, నేను విప్పి చూశాను. గచ్చు మీద ఒక్కసారి పడితే మొన విరుగుతుంది. అలాంటి మొన ఇప్పుడు చేయించాలంటే చేసేవాళ్ళు దొరకడమే కష్టం.

అందుకే రోజూ కాకుండా కట్టుకోవాలనిపించిన రోజున కట్టుకో. ఆఫీసుకు, పెళ్ళికి, బంధువులింటికి సరే. స్కూటీ మీద వద్దు. గతుకుల రోడ్డు, హ్యాండిల్ అదురు దానికి మంచివి కావు. మూటతో నడిపి చూడమన్నది బెల్టు జారుతుందేమో తెలుసుకోవడానికే. వానలో వద్దు, అందులో నీళ్ళను ఆపేది ఏదీ లేదు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కే రోజున ఇంట్లోనే ఉంచు. 3,550 మెట్లు, ఒళ్ళంతా చెమట, చెయ్యి ఊపుతూ నడక, దానికి ఎందుకా కష్టం?

చేతికి కట్టాక టైమ్ తేడా వస్తే కంగారుపడొద్దు. నిటారుగా ఉన్నప్పుడు ఒక తీరు, వెల్లకిలా ఉన్నప్పుడు ఒక తీరు నడవడం పాత గడియారాల స్వభావం. రోజుకు ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయితే నాకు లెక్కలోకే రాదు. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వు, గట్టిగా తగిలాక ఇంకో చుట్టు తిప్పకు. రెండు వారాలు ఏ రోజు ఎంత తేడా వచ్చిందో కాగితం మీద రాసిపెట్టు. దాన్ని బట్టి నేను సరిచేస్తాను. అందాకా ఎవరి చేతా వెనక మూత తీయించకు.

అన్నిటికన్నా ముందు దాన్ని నా దగ్గరకు తీసుకురా. ఇన్నేళ్ళు బీరువాలో ఉంది కాబట్టి లోపల నూనె ఎండిపోయి ఉంటుంది. ఆ స్థితిలో నడిపితే చక్రాల మొనలు అరిగిపోతాయి. ఊరికే ఆడుతుందేమో చూద్దామని కూడా కీ ఇవ్వొద్దు. చూపు కాస్త తగ్గినా ఐ గ్లాస్ పెట్టుకుంటే నా చేతులు ఇంకా వణకవు. విప్పి, కడిగి, నూనె వేసి ఇస్తాను. మధ్యాహ్నం నుంచి ఇద్దరం కూర్చుని పెళ్ళి కార్డు అట్టతో మొదటి జేబు కోద్దాం. ఈ ఆదివారం పొద్దున బస్సుకు రా. గడియారాన్ని పాత నూలు చీర ముక్కలో చుట్టి, ఫోన్ లేని సంచిలో పెట్టి, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చో.

మీ పెద్దనాయన,
తిరుపతి