క్రాకోవ్ చర్చిలు: గడియారం చూసుకుని తిరగాలి

అమ్మానాన్నలతో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఒక్క రోజే ఉంటామని, ఏ చర్చిలు చూడాలో చెప్పమని, సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) కూడా కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. కానీ ముందు అది ఏ వారమో చూసుకోండి. ఆదివారం వావెల్ కేథడ్రల్‌లోకి సందర్శకులను 12:30 దాకా, మారియాట్స్కి చర్చిలోకి 2 గంటల దాకా రానివ్వరు. శనివారం సినగాగ్ మూత, శుక్రవారం తొందరగా కట్టేస్తారు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి పెట్టుకోండి.

పొద్దున 9కి వావెల్ కొండ మీద ఉండాలి. అక్కడ కోట టికెట్ వేరు, కేథడ్రల్ టికెట్ వేరు. కోట టికెట్ చేతిలో పట్టుకుని కేథడ్రల్ గుమ్మం దగ్గర నిలబడేవాళ్లు రోజూ కనిపిస్తారు. లోపల ఫొటోలు తీయనివ్వరు. ముందు కేథడ్రల్ అంతా చూశాకే రాజుల సమాధుల్లోకి దిగండి, ఆ దారి బయటికి తేలుతుంది, మళ్లీ లోపలికి రాదు. కింద సెయింట్ లియోనార్డ్ క్రిప్ట్ (నేలమాళిగలోని ప్రార్థనాలయం) దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తర్వాత రెండో జాన్ పాల్ పోపు అయిన కరోల్ వోయ్తీవా 1946 నవంబరు 2న తొలి పూజ చేసింది అక్కడే. 1520 నాటి జిగ్మున్ట్ గంట ఉన్న గోపురానికి చెక్కమెట్లు మరీ ఇరుకు. మోకాళ్ల నొప్పులుంటే అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి.

అక్కడి నుంచి గ్రోద్స్కా వీధి పట్టుకుని నడిస్తే పావుగంటలో మారియాట్స్కి. పన్నెండుగురు అపొస్తలుల విగ్రహాలున్న పీటర్, పాల్ చర్చి దారిలోనే వస్తుంది, బయటి నుంచి చూస్తే చాలు. 11:30కల్లా మారియాట్స్కి లోపలికి వెళ్లిపోవాలి, ఎందుకో చెప్తాను. ముందున్న పెద్ద తలుపు ప్రార్థనకు వచ్చేవాళ్లది, డబ్బు కట్టక్కర్లేదు, కానీ అటు నుంచి చెక్కడాల బలిపీఠం దగ్గరికి వెళ్లనివ్వరు. సందర్శకులు పక్క తలుపు నుంచి వెళ్లాలి, టికెట్ ఆ తలుపుకు ఎదురుగా ఉన్న కౌంటర్‌లో కొనాలి. వెళ్లి ముందు వరసలో కూర్చోండి.

11:50కి ఒక మఠకన్య పొడుగాటి కర్రతో ఆ పీఠానికి తలుపుల్లా ఉన్న రెక్కలు తెరుస్తారు. అప్పటిదాకా చిన్న చిన్న చెక్కడపు దృశ్యాలే కనిపిస్తుంటాయి. రెక్కలు విడిపోగానే బంగారం, నీలం, మధ్యలో మోకాళ్ల మీదికి ఒరిగిపోతున్న మరియమ్మ, చుట్టూ కంగారుపడిన అపొస్తలులు. వీట్ స్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా చెక్కిన పని ఇది. ఎత్తు సుమారు 13 మీటర్లు. విగ్రహాలు లిండెన్ కలపవి, పెద్దవి మనిషి కన్నా బాగా ఎత్తు. దగ్గరగా చూడండి, ముసలి చేతుల మీద ఉబ్బిన నరాలు కూడా చెక్కాడు. యుద్ధంలో నాజీలు విప్పి న్యూరెంబర్గ్‌కు ఎత్తుకుపోతే 1946లో పోలండ్‌కు తిరిగొచ్చింది, ఈ చర్చిలోకి మాత్రం 1957లో గాని చేరలేదు.

ఇంతటిది లోపల జరుగుతుంటే బయట చౌకులో జనం మెడలెత్తి ఈ చర్చి గోపురం మీది నుంచి ఊదే 12 గంటల బూర కోసం కాచుకుని ఉంటారు! ఆ బూర ప్రతి గంటకూ ఊదుతారు, రాత్రి కూడా, నాలుగు దిక్కులకూ. ఊదేది అగ్నిమాపక దళం వాళ్లు. పాట మధ్యలో తెగిపోవడానికి, ఊదేవాడి గొంతులో దండెత్తి వచ్చిన తాతారుల బాణం దిగిందనే కథ ఒకటి గైడ్లు చరిత్రలా చెప్తారు. అది కథే. బూర 1 గంటకు కూడా వినొచ్చు.

తర్వాత పాత యూదుల పేట కాజిమియెజ్‌కు నడవండి, ఇరవై నిమిషాలు. 16వ శతాబ్దపు రెము సినగాగ్‌లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి, వెనకే పాత సమాధుల తోట. మగవాళ్లు చర్చిలో టోపీ తీయాలి, ఇక్కడ తల కప్పుకోవాలి. చెప్పులు ఎక్కడా విప్పక్కర్లేదు. మనవాళ్లు అలవాటు కొద్దీ గుమ్మం ముందు విప్పేసి చలికి వణుకుతారు. భుజాలు, మోకాళ్లు మాత్రం కప్పుకోవాలి.

3 గంటలకు ఊరి దక్షిణాన ఉన్న వాగ్యెవ్నికి పుణ్యక్షేత్రంలో ఉండాలి, దివ్య కారుణ్య జపమాల ఆ వేళకే. మన కతోలిక ఇళ్లలో గోడ మీద కనిపించే, గుండె నుంచి రెండు కిరణాలు వచ్చే యేసు పటం, ఆ రూపాన్ని దర్శనంలో చూశానన్న మఠకన్య సెయింట్ ఫౌస్తినా అవశేషాలు అక్కడే ఉన్నాయి. అయితే 2002లో ప్రతిష్ఠించిన పెద్ద బసిలికాలో కాదు, పక్కనున్న పాత మఠం ప్రార్థనాలయంలో. చాలామంది పెద్దదే చూసి తిరిగొచ్చేస్తారు. ప్రార్థనాలయం చిన్నది కాబట్టి 2:30కే వెళితే గాని పెద్దవాళ్లకు కూర్చునే చోటు దొరకదు. అక్కడికి వెళ్లే ట్రామ్‌లో కాగితం టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి, లేదంటే జరిమానా.

సాయంత్రం 5 తర్వాత ఫ్రాన్సిస్కన్ చర్చి. లోపలికి వెళ్లి వెనక్కి తిరగండి, ద్వారం పైన చిత్రకారుడు వ్యిస్పియాన్‌స్కి గీసిన సృష్టికర్త అద్దాల చిత్రం ఉంటుంది. అది పడమటి కిటికీ, పొద్దున చూస్తే మసకే. ఇవన్నీ వేసవి లెక్కలు. డిసెంబరులో నాలుగింటికే పొద్దు గూకుతుంది, కాబట్టి అప్పుడైతే వాగ్యెవ్నికి మానుకుని రెము నుంచి నేరుగా ఇక్కడికే వచ్చేయండి.