మోటార్‌హోమ్ పంపు బాగుచేస్తానంటున్న అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మా అబ్బాయి పది పాసై ఇంటర్ మధ్యలో మానేశాడు. మొన్న ఎండాకాలం హైదరాబాద్‌లో మోటార్‌హోమ్‌లు (పడక, వంట, నీళ్ల వసతులుండే ఇల్లులాంటి బండ్లు) తయారుచేసే షెడ్డులో వాళ్ల మేనమామ దగ్గర ఉండి వచ్చాడు. ఆ బండ్లలో నీళ్ల పంపులు బాగుచేసే పనే నేర్చుకుంటానంటున్నాడు. అదీ ఒక చదువేనా?
– పత్తి రైతు, నర్సంపేట

జవాబు: ముమ్మాటికీ చదువే. కాకపోతే ఆ పేరుతో కోర్సు కోసం వెతకొద్దు. పది మీద ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేర్పించండి, రెండేళ్లు. ప్లంబర్ ట్రేడు ఏడాదిలో అయిపోతుంది గానీ, పైపుల పని షెడ్డులో చూసైనా పట్టుబడుతుంది. కరెంటు పునాది అలా రాదు.

ఆ పనిలో చెయ్యి కన్నా ముందు బుర్ర కదలాలి. పంపును మంచినీళ్ల ట్యాంకు దగ్గర్లో, మంచం కిందో సింకు కిందో కనపడకుండా బిగిస్తారు. స్విచ్ వేసి కుళాయి తిప్పితే చప్పుడును బట్టి దొరుకుతుంది. చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత స్విచ్, బ్యాటరీ చూడాలి. పంపు వైర్ల దగ్గర వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తున్నా తిరగట్లేదంటే లోపం మోటారులోనో, నీళ్ల ఒత్తిడిని బట్టి పంపును నడిపి ఆపే ప్రెషర్ స్విచ్‌లోనో ఉన్నట్టు. కరెంటే రాకపోతే పంపు జోలికి పోకుండా వైరు వెంబడి వెనక్కి వెళ్లాలి. మోటారు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే ట్యాంకు ఖాళీ అయి ఉండాలి, ఫిల్టరు జాలీలో చెత్త పట్టి ఉండాలి, లేదా ట్యాంకు వైపు జాయింటులో గాలి లాగుతుండాలి. కుళాయిలన్నీ కట్టేసినా ఉండుండి పంపు మోగుతోందంటే ఎక్కడో నీళ్లు కారుతున్నాయి, లేదా పంపు లోపలి వాల్వు నీళ్లు వెనక్కి పోకుండా ఆపట్లేదు. కారే జాయింటు బిగిస్తే పోయేదానికి కొత్త పంపు కొనేవాళ్లున్నారు. ఆ ఖర్చు తప్పించేవాడే అసలు మెకానిక్.

మీ అబ్బాయికి ఆ ఓపిక ఉందో లేదో మీ ఇంట్లోనే చూడొచ్చు. పత్తికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు చాలావాటిలో ఉండేది ఇలాంటి 12 వోల్టుల డయాఫ్రమ్ పంపే (లోపల రబ్బరు పొర కదులుతూ నీళ్లు తోడే రకం). పాడైన స్ప్రేయర్ ఒకటి, మల్టీమీటర్ ఒకటి చేతికివ్వండి. మందు ట్యాంకు బాగా కడిగించండి, చేతులకు గ్లౌజులు తప్పనిసరి, విప్పే ముందు బ్యాటరీ తీయాలి. ఏది ముందు చూశాడు, ఎందుకు చూశాడు అని అడగండి. కారణం చెప్పగలిగితే నిశ్చింతగా చేర్పించండి.

మన వరంగల్ వైపు మోటార్‌హోమ్‌లు తక్కువే, ఆ ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను. ఎలక్ట్రీషియన్ ట్రేడు చేతిలో ఉంటే సోలార్, ఆర్వో ప్లాంట్లు, ఈ-ఆటోల పని కూడా అందుతుంది. మీకు బీటెక్ ఆశ ఉన్నా దారి మూసుకుపోదు. ఐటీఐ నుంచి లాటరల్ ఎంట్రీలో, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరి డిప్లొమా, అక్కడి నుంచి డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

పది మెమో, కుల ధ్రువపత్రం ఇప్పుడే తీసిపెట్టుకోండి. టీసీ ఇంటర్ కాలేజీలోనే ఉండిపోయి ఉంటే ముందు వెళ్లి అది తెచ్చుకోండి.