పావలా వడ్డీకి షాపు కొంటారా మాస్టారూ?

గుంటూరు కొరిటెపాడు నుంచి 61 ఏళ్ల రిటైర్డ్ లెక్చరర్ గారు ఒకరు రాశారు. 1998లో విజయవాడలో కొన్న స్థలాన్ని పోయిన నెల అమ్మితే 92 లక్షలు వచ్చాయట. ఇన్నర్ రింగ్ రోడ్డు పక్కన కడుతున్న కాంప్లెక్సులో రెండో అంతస్తు షాపు, 600 అడుగులు, 72 లక్షలంటున్నారు. మూడేళ్లపాటు నెలకి 45 వేలు గ్యారంటీ అద్దె ఇస్తామంటే 2 లక్షలు టోకెన్ కూడా ఇచ్చేశారు. ‘అందరూ ఆన్‌లైన్‌లో కొంటున్నారు కదా, పదేళ్ల తర్వాత ఈ షాపుకి అద్దె వస్తుందా? షాపు కొంటే టాక్స్ తప్పుతుందన్నారు, నిజమేనా?’ అని అడిగారు.

నమస్తే మాస్టారూ. షాపు కొన్నా స్థలం అమ్మిన లాభం మీద టాక్స్ తప్పదు, ఆ మాట చెప్పిందెవరో గానీ తప్పు చెప్పారు. స్థలం అమ్మిన డబ్బుతో ఇల్లు కొన్నా కట్టుకున్నా కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది, షాపుకి లేదు. ఇల్లు వద్దనుకుంటే అమ్మిన ఆరు నెలల్లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థల బాండ్లలో 50 లక్షల దాకా లాభాన్ని పెట్టొచ్చు, ఐదేళ్లు కదపకూడదు. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం కాబట్టి 12.5 శాతం కట్టాలా, కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి లెక్కేసే ఇండెక్సేషన్‌తో 20 శాతం కట్టాలా అనేది సీఏ గారి చేత రెండు లెక్కలూ వేయించి, తక్కువొచ్చేది కట్టండి.

ఇక షాపు. 72 లక్షలన్నది మొదటి మాట మాత్రమే. పూర్తి కాని కమర్షియల్ కట్టడం కాబట్టి మామూలుగా 12 శాతం జీఎస్టీ పడుతుంది, అదే 8 లక్షల 64 వేలు. రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం అంటే ఇంకో 5 లక్షల 40 వేలు. మొత్తం 86 లక్షలు. పక్క కాంప్లెక్సులో అదే సైజు షాపు నెలకి 27 వేల అద్దెకి ఇస్తున్నారని మీరే రాశారు. ఏడాదికి 3 లక్షల 24 వేలు, అందులో ఆస్తి పన్ను, మెయింటెనెన్సు, ఒక నెల ఖాళీ తీసేస్తే చేతికొచ్చేది రెండు ముప్పావు లక్షలు. మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకి పావలా వడ్డీ, మహా అయితే పైన పైసన్నర. మీకెవరైనా వచ్చి ‘86 లక్షలు పావలా వడ్డీకి ఇవ్వండి’ అంటే ఇస్తారా?

మరి ఆ 45 వేలో? 27 వేలకి పైన ఇచ్చే 18 వేలు మూడేళ్లకి ఆరున్నర లక్షలవుతుంది, అది ధరలో ముందే కలిపేసి ఉంటారు. మీ డబ్బే మీకు నెలనెలా ఇస్తారు. నాలుగో ఏడు మొదటి నెల ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మీరడిగిన పదేళ్ల సంగతి. మా నాన్న గవర్నర్‌పేటలో మొదటి అంతస్తులో చిన్న షాపు కొన్నారు. మొదట ఎస్టీడీ బూత్ పెట్టారు, తర్వాత ఇంటర్నెట్ సెంటర్, తర్వాత సెల్ రీచార్జి, ఆ తర్వాత రెండేళ్లు తాళం. అద్దె తగ్గిద్దామంటే ‘ముందు ఇంతొచ్చేది’ అని ఒప్పుకోలేదు, షట్టర్ తుప్పు పట్టింది. షాపులకి కాలం చెల్లిందని నేననను. బీసెంట్ రోడ్డులో పండగ ముందు ఓసారి నడిచి చూడండి. కాకపోతే అద్దెకి తీసుకునేవాళ్లు మారారు. ల్యాబులు, పళ్ల డాక్టర్లు, టిఫిన్ హోటళ్లు, బంగారం కొట్లు, పెద్ద బ్రాండ్ల బట్టల షాపులు బాగా ఇస్తున్నాయి. వీటిలో బ్రాండ్లకైతే మూడేళ్లకోసారి 15 శాతం పెంపుతో తొమ్మిదేళ్ల లీజు మామూలే. కానీ వాళ్లు అడిగేది కింది అంతస్తు, రోడ్డు మీదికి ముఖం, పార్కింగు, ఒకేచోట మూడు నాలుగు వేల అడుగులు. మీ కాంప్లెక్సులో షాపుకో ఓనరు, నలభై మందిని ఒక మాట మీదికి తెచ్చి ఒక ఫ్లోర్ మొత్తం లీజుకివ్వడం దేవుడి వల్ల కూడా కాదు, పిల్లల పెళ్లి సంబంధాలే నయం. పెద్ద మాల్స్ నడిపేవాళ్లు షాపులు అమ్మకుండా అద్దెకే ఎందుకిస్తారో ఇప్పుడు అర్థమైందిగా.

గోడౌన్లదీ ఇదే దారి. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రానికో డిపో పెట్టాల్సిన అవసరం తగ్గింది, కంపెనీలు కొన్నిచోట్ల పెద్దవి కట్టుకుంటున్నాయి, చిన్న గోడౌన్‌కి బేరం తగ్గింది.

అమరావతి పేరు చెప్పి అమ్ముతుంటే ఇంకా జాగ్రత్త. 2015లో శంకుస్థాపన, 2019 తర్వాత ఆగిపోవడం, 2025 మేలో పనులు మళ్లీ మొదలవడం, పదేళ్లలో ఎన్ని మలుపులు చూశామో మీకు తెలుసు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. విజయవాడలోనూ చుట్టుపక్కలా అద్దె భవనాల్లో నడుస్తున్న ప్రభుత్వ ఆఫీసులు రాజధానిలో సొంత భవనాల్లోకి వెళ్తే ఈ ఫ్లోర్లన్నీ ఒకేసారి అద్దెకొస్తాయి. అప్పుడు మీ రెండో అంతస్తు ఎవరితో పోటీ పడాలి?

అద్దె మీదే మోజుంటే రీట్లు చూడండి, అంటే చాలామంది డబ్బుతో పెద్ద భవనాలు కొని, వాటి అద్దెని యూనిట్లు కొన్నవాళ్లకి పంచే సంస్థలు. మన దేశంలో మొదటిది 2019లో లిస్టయింది, ఆఫీసు పార్కులవీ మాల్స్‌వీ ఉన్నాయి, ఒకదానికి మాదాపూర్‌లో కూడా ఆఫీసులున్నాయి. పంచగలిగిన నగదులో 90 శాతం పంచాలని షేర్ మార్కెట్ని నియంత్రించే సెబీ రూలు. ఒక యూనిట్ కొన్ని వందల రూపాయలే, అవసరమైతే మార్కెట్లో అమ్ముకోవచ్చు. అటూ ఇటూగా అర్ధరూపాయి వడ్డీ పడుతుంది. ధర మాత్రం షేర్లలాగే ఊగుతుంది, కోవిడ్‌లో పడింది కూడా, అందుకని పది పదిహేను లక్షలకి మించి వద్దు. 30 లక్షలు ప్రభుత్వ సీనియర్ సిటిజన్ సేవింగ్స్ పథకంలో వేస్తే మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. మిగతాది టాక్స్ తేలాక మాట్లాడుకుందాం.

టోకెన్ విషయం. రాతపూర్వక ఒప్పందం లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదని రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టంలో ఉంది, కాబట్టి ఇంకో రూపాయి కూడా ఇవ్వకండి. ప్రాజెక్టు రెరా నంబరు అడగండి. ఆ 2 లక్షల రసీదు ఫొటో తీసి పంపండి, వెనక చిన్న అక్షరాలతో ఉన్నది కూడా. రద్దు చేసుకుంటే ఎంత కోస్తారో చూసి చెప్తాను.