ఇళ్ల ప్లాన్లు గీయడానికి ఐదేళ్ల చదువా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, చేస్తానంటోంది. "ఊరి రూపాన్ని మార్చే చదువు నాన్నా" అంటుంది. ప్లాన్లు గీయడానికి ఐదేళ్లు అవసరమా? సివిల్ ఇంజినీరింగ్ చేస్తే సరిపోదా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ అమ్మాయి మాటలో చాలా నిజం ఉందండీ. హైదరాబాద్ అనగానే చార్మినార్ గుర్తొస్తుంది కదా. 1591లో దాన్ని కొత్త ఊరికి నడిబొడ్డున కట్టారు. నాలుగు కమాన్ల నుంచి నాలుగు దారులు, వాటి వెంట బజార్లు. ఊరు అలా పెరిగింది. 1908లో మూసీ వరద ముంచెత్తింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరిని సరిదిద్దడం మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఏళ్లలోనే మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. కక్షిదారులు, రోగులు వచ్చే చోట్లను రాజమహళ్లలా కట్టారు చూడండి, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

అంత దూరం ఎందుకు, మన పాత ఇళ్ల వీధి అరుగులు తలచుకోండి. సాయంత్రమైతే పెద్దవాళ్లు అక్కడే కూర్చునేవారు. దారిన పోయేవాళ్లు ఆగి పలకరించేవారు, ఆడుకునే పిల్లల మీద నలుగురి కన్ను ఉండేది. ఇప్పుడు ఆ చోట ప్రహరీ, గేటు, కారు పార్కింగ్. ఎదురింట్లో ఎవరున్నారో తెలియదు. మనుషులు మారిపోయారని బాధపడతాం కానీ, వాళ్లు కలుసుకునే చోటు ప్లాన్‌లోనే పోయింది. అపార్ట్‌మెంట్‌లో కూడా అలాంటి చోటు ఎలా తేవాలన్నది ఆర్కిటెక్ట్ ఆలోచించాల్సిన పని. కట్టడం నిలబడేలా చూసేది సివిల్ ఇంజినీర్. రెండూ కావాలి, కానీ రెండూ ఒకటి కావు.

కష్టాలూ చెప్పాలి. కాలేజీలో మోడళ్లు, డ్రాయింగుల కోసం రాత్రిళ్లు మేలుకోవాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువగానే ఉండొచ్చు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవచ్చు. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో సీటుకు జేఈఈ మెయిన్ పేపర్-2 రాయాలి. చాలా ఇతర కాలేజీలకు నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష స్కోరు చూస్తారు. రెండూ రాయించండి.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. ఒక ఆదివారం అమ్మాయిని మీ బస్టాండుకు తీసుకెళ్లండి. ఎండ ఎటు పడుతోంది, జనం ఎక్కడ నిలబడుతున్నారు, ముసలివాళ్లకు కూర్చునే చోటుందా అన్నవి చూసి గీయమనండి. రెండు గంటల తర్వాత కూడా "ఇంకాసేపు ఉందాం నాన్నా" అంటే, టెన్షన్ పడకుండా చేర్పించండి.