పరుగుకు ముందు నొప్పి మాత్ర, రోజూ బీపీ మాత్ర: కిడ్నీ సంగతేంటి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. వయసు 44, బరువు 78 కిలోలు. ఏడాది నుంచి తెల్లవారుజామున కాలవ గట్టు రోడ్డు మీద పరుగెడుతున్నాను. ఈ ఏడాది చివర్లో విశాఖలో హాఫ్ మారథాన్‌కు పేరిచ్చాను. అందుకని నెలన్నరలో వారానికి 25 కిలోమీటర్ల నుంచి 50కి పెంచాను. మూడు వారాలుగా కుడికాలికి మోకాలి కింద, ముందు ఎముక దగ్గర నొప్పి. ఆదివారం 16 కిలోమీటర్ల పరుగుకు ముందు మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ 50 వేసుకుంటే నొప్పి తెలియడం లేదు. పోయిన ఆదివారం పరుగయ్యాక ఒకసారి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. రెండు కొబ్బరి బొండాలు తాగాక మామూలైంది. బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతున్నాను, కంట్రోల్‌లోనే ఉంది. ఈ నొప్పికి ఎలాంటి బూట్లు కొనాలి? పిక్కలకు వేసుకునే బిగుతు తొడుగులు పనిచేస్తాయా? - ఒక పాఠకుడు

జవాబు: బూట్లు, తొడుగుల సంగతి చివర్లో చూద్దాం. మీరు మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేసిన ఆ డికాక్షన్ రంగు మూత్రం దగ్గరే నేను ఆగిపోయాను. మిమ్మల్ని చూడకుండా, చెయ్యి వేసి పరీక్షించకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పలేను. కానీ మీరు రాసిన మూడు విషయాలు, అంటే నొప్పి మాత్ర, బీపీ మాత్ర, ఈ ఉక్కపోతలో గంటన్నర పైగా పరుగు, ఒకే ఉదయం కలిస్తే కిడ్నీకి ప్రమాదం. ఈ సమాధానం చదివిన రోజు నుంచి పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం ఆపేయండి. బీపీ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. దాన్ని మార్చాలా, తగ్గించాలా అన్నది రాసిచ్చిన డాక్టర్ గారు చూసుకుంటారు.

ఎందుకో చెబుతాను, మీకు సులువుగానే అర్థమవుతుంది. చేపల చెరువుకు కాలవ నుంచి నీళ్లు వచ్చే తూము ఒకటి, పోయే తూము ఒకటి ఉంటాయి కదా. కిడ్నీలోని ఒక్కొక్క వడపోత గుత్తికీ అలాగే రక్తం వచ్చే సన్నని నాళం, పోయే నాళం ఉంటాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు వచ్చే తూమును తెరిచి ఉంచి వడపోత ఆగకుండా కాపాడతాయి. డైక్లోఫెనాక్ వాటినే అడ్డుకుంటుంది, అంటే వచ్చే తూము బిగుసుకుంటుంది. టెల్మిసార్టాన్ పోయే తూమును వెడల్పు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ మూత్రం ద్వారా ఉప్పునీ నీటినీ బయటికి పంపుతుంది, దానికి మీ చెమట తోడవుతుంది, అంటే కాలవలోనే నీటి మట్టం పడిపోతుంది. ఇక చెరువులో మట్టం ఎలా నిలుస్తుంది? వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ చాలాసార్లు తట్టుకుంటుంది. మూడూ కలిసినప్పుడు అదే కిడ్నీ ఉన్నట్టుండి మొరాయించవచ్చు.

డైక్లోఫెనాక్ గురించి ఇంకో మాట. మన దేశంలో పశువులకు ఈ మందు వాడకాన్ని 2006లో నిషేధించారు. ఈ మందు ఇచ్చిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా చచ్చిపోయాయి. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సుకుమారం కాదు, ఆ పోలికతో భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కాకపోతే చాక్లెట్ అడిగినట్టు అడిగి తెచ్చుకునే మందు కాదిది. పేరు మార్చినా లాభం లేదు. ఎసెక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్ అన్నీ ఆ కుటుంబానివే. అట్ట మీద పారాసెటమాల్ పేరు కూడా ఉందని ధైర్యపడేవాళ్లున్నారు, పక్కనే ఎసెక్లోఫెనాక్ అని ఉంటుంది, చూసుకోండి. పైగా ఈ మందులు బీపీని పెంచుతాయి, బీపీ మాత్ర పనిని తగ్గిస్తాయి. మీరు బీపీ కంట్రోల్‌లో ఉందంటున్నారు. ఆదివారం సాయంత్రం ఎప్పుడైనా చూసుకున్నారా?

ఇక ఆ రంగు. నీళ్లు చాలక వచ్చే మూత్రం ముదురు పసుపుగా ఉంటుంది. డికాక్షన్ రంగు, కోలా రంగు అంటే లెక్క వేరు. అలవాటుకు మించి శ్రమ పడినప్పుడు కండరం కణాలు చితికి, మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. అది ఎక్కువైతే కిడ్నీ గొట్టాలు పూడుకుపోతాయి. రంగు మామూలైంది కాబట్టి సరిపోయింది అనుకోవడానికి లేదు, కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పేరుకునే క్రియాటినిన్ అనే వ్యర్థం ఆ తర్వాత రోజుల్లో కూడా పెరగవచ్చు.

మూత్ర పరీక్ష, సీరం క్రియాటినిన్, సోడియం, పొటాషియం, సీపీకే (కండరం చితికితే రక్తంలో పెరిగే ఎంజైమ్) - ఇవి చేయించండి. ఇవేవీ అరుదైన పరీక్షలు కావు, మీకు దగ్గరి పట్టణంలోని ల్యాబుల్లోనే చేస్తారు. మూత్రంలో స్ట్రిప్ మీద రక్తం పాజిటివ్ అని వచ్చి, మైక్రోస్కోప్ కింద ఎర్రకణాలు కనిపించకపోతే మయోగ్లోబిన్ అనే అనుమానం బలపడుతుంది. ఎర్రకణాలే కనిపిస్తే రెండు మూడు రోజులు పరుగు లేకుండా మళ్లీ చేయించాలి, అప్పటికీ ఉంటే రాళ్లో మరొకటో తేల్చడానికి స్కానింగ్ కావాలి. సీపీకే విషయంలో ఒక చిక్కుంది. పెద్ద పరుగు మర్నాడు చేస్తే ఆరోగ్యవంతుడికి కూడా వేలల్లో రావచ్చు, వారం దాటాక చేస్తే నిజంగా పెరిగింది కూడా దిగిపోయి ఉండవచ్చు. తుంటికి ఇంజెక్షన్ చేయించుకున్నా పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడు పరుగెత్తారు, ఏ మందు వేసుకున్నారు అన్నది తేదీలతో రాసుకుని వెళ్లండి. ఈలోగా రంగు మళ్లీ మారినా, మూత్రం బాగా తగ్గినా, వాంతులైనా, తొడలు పిక్కలు ఉబ్బి బలం తగ్గినా, ఆయాసం వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, ఆ రోజే ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీరు జ్వరం గురించి రాయలేదు. నాట్ల రోజుల్లో డెల్టాలో పిక్కల నొప్పి, ముదురు రంగు మూత్రం అని వింటే లెప్టోస్పైరోసిస్ కూడా గుర్తుకొస్తుంది. ఎలుకల మూత్రం కలిసిన నీరు, బురద నుంచి కాలి పగుళ్ల ద్వారా వస్తుంది, అది కూడా కిడ్నీనీ కాలేయాన్నీ పట్టుకుంటుంది. చలి జ్వరం, కళ్లు ఎర్రబడటం, పిక్క ముట్టుకుంటే నొప్పి ఉంటే పరుగు వల్లేనని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు ఆ మాట చెప్పండి. గట్టు మీద చెప్పులు లేకుండా పరుగెత్తే కుర్రాళ్లకు కూడా ఇదే మాట.

కొబ్బరి బొండాం మీద మన గోదావరి జిల్లాల వాళ్లకు మమకారం ఎక్కువ, కాదనను. కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో మీరు పోగొట్టుకునేది ముఖ్యంగా సోడియం. టెల్మిసార్టాన్ పొటాషియాన్ని ఒంట్లో నిలబెడుతుంది, కిడ్నీ దెబ్బతింటే ఆ పొటాషియం ఇంకా పేరుకుంటుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. కాబట్టి మూత్రం ఆ రంగులో వచ్చిన రోజున వరసగా రెండు బొండాలు కొట్టించుకోవడం సరైన వైద్యం కాదు. రిపోర్టులు వచ్చేదాకా ఆపండి.

అలాగని సాదా నీళ్లు బిందెల కొద్దీ తాగమనడం లేదు. హైడ్రోక్లోరోథయాజైడ్ వాడేవాళ్లకు సోడియం ఎలాగూ తగ్గే గుణం ఉంది. దాని మీద చెమట, దాని మీద నాలుగైదు లీటర్ల నీళ్లు పడితే తలనొప్పి, వాంతి, మతి తడబాటు వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఉంగరం బిగుసుకోవడం, పరుగు ముందుకన్నా తర్వాత బరువు పెరగడం దానికి గుర్తులు. కొలత తేలికే: పరుగుకు ముందు, తర్వాత చెమట తుడుచుకుని, తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే దాదాపు ఒక లీటరు పోయినట్టు. మీ బరువుకు కిలోన్నర దాటి తగ్గుతోందంటే మీరు చాలినంత తాగడం లేదు. మన దగ్గర తెల్లవారుజామున వేడి తక్కువే కానీ గాలిలో తేమ అప్పుడే ఎక్కువ, చెమట కారిపోతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. గంట దాటే పరుగుకు ఓఆర్‌ఎస్ పొడి పెద్ద ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి, దాహాన్ని బట్టి గుక్క గుక్కగా తాగవచ్చు. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం, చక్కెర జోడించడం చేయకండి. పండ్ల రుచితో డబ్బాల్లో అమ్మే తీపి నీళ్లు ఓఆర్‌ఎస్ కావు. బీపీ ఉంది కాబట్టి పరుగు లేని రోజు అది కూడా అక్కర్లేదు.

కాలి నొప్పికి వద్దాం. బొటనవేలితో ముందు ఎముక లోపలి అంచు వెంట పైనుంచి కిందికి నొక్కుతూ రండి. జానెడు మేర అంతటా సలుపుగా ఉంటే ఎముక పొరకు, దాన్ని అంటుకున్న కండరానికి అయిన ఒత్తిడి కావచ్చు, కొన్ని వారాల విశ్రాంతితో తగ్గుతుంది. రూపాయి బిళ్లంత చోట మాత్రమే చురుక్కుమంటే, నడిచినా నొప్పి ఉంటే, రాత్రి మంచం మీద కూడా సలుపుతుంటే ఎముకలో సన్నని బీట పడి ఉండవచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగెత్తి బీటను విరుపు చేసుకోవడం అలా జరిగేదే. అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ కావాలి. లోపలి అంచున బీట అయితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు లేకుండా మానుతుంది. ఎముక ముందు అంచు నడిమధ్యన అయితే రక్త సరఫరా తక్కువ, మానడానికి నెలలు పడుతుంది, కొందరికి రాడ్ వేయాల్సి వస్తుంది. మీరు 'ముందు ఎముక' అని రాశారు, ఏ అంచో రాయలేదు. అందుకే ఎముకల డాక్టర్‌కు చూపించమంటున్నాను. అప్పటిదాకా నూనె మర్దన వద్దు, కట్టు కట్టించడం వద్దు, ఊళ్లో ఇంజెక్షన్ అసలే వద్దు.

గుండె, ఊపిరి, కండరం నెలన్నరలో 50 కిలోమీటర్లకు అలవాటు పడతాయేమో గానీ ఎముక అంత తొందరగా పడదు. భారం పడిన చోట ముందు పాత ఎముక కరుగుతుంది, కొత్తది తర్వాత పేరుకుంటుంది, ఆ మధ్య వారాల్లో అది బలహీనంగా ఉంటుంది. ఆ సమయంలో నొప్పే మీకున్న కాపలాదారు. ఆదివారం పొద్దున్నే మాత్ర వేసి కాపలావాడిని నిద్రపుచ్చి 16 కిలోమీటర్లు పరుగెత్తారు. కోప్పడుతున్నాననుకోకండి, కానీ మూడు వారాలు ఓర్చుకుని ఇప్పుడు బూట్ల గురించి అడగడం ఆలస్యమే.

పరీక్షలు, కాలు రెండూ తేలేదాకా పరుగు లేదు. నొప్పి లేకపోతే సైకిల్ తొక్కవచ్చు, మన నేల చదునే కాబట్టి కాలికి భారం పడదు. డాక్టర్ సరే అన్నాక, వారం పాటు రోజూ అరగంట నడకలో నొప్పి లేకపోతే ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడకగా మొదలుపెట్టి, పాత 25కి చేరడానికే నెల పైన తీసుకోండి. ఆపైన పెంపు వారానికి రెండు మూడు కిలోమీటర్లు, నాలుగో వారం కాస్త తగ్గింపు. విశాఖ పరుగు అందకపోతే వచ్చే ఏడు ఉంటుంది. వయసు 44, బీపీ ఉంది కాబట్టి మళ్లీ మొదలుపెట్టే ముందు ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి, ట్రెడ్‌మిల్ పరీక్ష కావాలో లేదో గుండె డాక్టర్ చెబుతారు. పరుగులో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా ఆగిపోవాలి, గ్యాస్ అనుకోకూడదు.

ఇక మీరు అడిగినవి. బిగుతు తొడుగులు ఎముక బీటను ఆపుతాయని నమ్మడానికి ఆధారం లేదు, నొప్పిని కాస్త కప్పిపుచ్చుతాయి, మీకు ఇప్పుడు అదే వద్దు. బూట్లు సాయంత్రం పూట, కాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పరుగుకు వేసుకునే మేజోళ్లతోనే వేసి చూసుకోండి. ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. 500 నుంచి 800 కిలోమీటర్లు దాటాక అడుగు మెత్తదనం తగ్గుతుంది, మీ పాతవి ఎంత తిరిగాయో లెక్కేసుకోండి. గట్టు రోడ్డు అంచు ఒకవైపుకు వాలి ఉంటుంది, రోజూ ఒకే పక్కన పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎదురు వచ్చే బండ్లు కనిపించే పక్కనే ఉంటూ, వాలు లేని చోటు చూసుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు బీపీ మాత్ర అట్ట, షాపులో ఇచ్చిన నొప్పి మాత్ర అట్ట రెండూ పట్టుకెళ్లండి.